పై మంచం

ఏడు నెలలుగా నా ఇల్లు పన్నెండు కిలోలు.
రెండు చొక్కాలు, ఒక గిన్నె, సగం పళ్లూడిన దువ్వెన.
మాంతస్ గురక అదనం.
గురకకి బరువేమిటంటారు,
పక్కన పడుకున్న వాళ్లకి తెలుస్తుంది.

టిబిలిసిలో నానులి గారి హాస్టల్.
ఆరు మంచాల గది, ఒకటే ప్లగ్గు.
నీలం అట్ట పుస్తకంలో రోజూ రాత్రి లెక్క రాస్తాను:
రొట్టె ఇంత, టమాటాలు ఇంత,
ద్రాక్షలు - ఎవరో పెట్టారు - సున్నా.
సున్నాలు ఎక్కువైన రోజు మాకు పండగ.

విల్నియస్ నుంచి అమ్మ యుర్గా, అమ్మమ్మ బిరుతే దిగారు.
వాళ్ల చక్రాల పెట్టె రాళ్ల వీధిలో లడలడమంటూ
మధ్యాహ్నం కునుకు తీసే వీధినంతా లేపింది.
పెట్టె నిండా నల్ల రొట్టె, పొగబెట్టిన మాంసం,
నాకు ఊలు మేజోళ్లు. జూన్ నెలలో!

అమ్మ నా మెడ ఎముకలు చూసింది.
ఏమీ అనలేదు.
ఆ పూట నుంచి నా కంచంలో
నేను వడ్డించుకోని ముక్కలు మొలవడం మొదలైంది.

"నేనిస్తాలే" అని ఆమె పర్సు తీస్తుంది.
"నడిచి పోదాంలే" అని నేను చెయ్యి పట్టుకుంటాను.
కొండ మీది కోటకి తీగబండి ఉందని ఆమెకి తెలుసు,
మెట్లున్నాయని నాకు తెలుసు.
సగం మెట్ల మీద అమ్మమ్మ చతికిలబడి
"మీరు పోట్లాడుకోండి, నేను ఊరు చూసుకుంటా" అంది.
చూసుకుంది:
తుప్పు రంగు కప్పులు, పక్కకి ఒరిగిన బాల్కనీలు,
వాటి మీద ఆరేసిన పిల్లల లాగులు, మట్టి రంగు నది.
చెవికి పసుపు బిళ్లున్న వీధికుక్క ఒకటి
పిలవకుండానే వచ్చి ఆమె పక్కన కూర్చుంది,
తనదే ఊరన్నట్టు.

గంధకపు నీళ్ల స్నానాల దగ్గర
అందరూ దిగే గదికే డబ్బు కట్టాను.
మాంతస్ మగవాళ్ల వైపు పోయాడు.
మేం ముగ్గురం ఒకే వేడి నీళ్లలో,
మూడు పొట్టలు, మూడు తరాల మోకాళ్లు.
నా భుజాల మీద సంచి పట్టీలు వేసిన చారలు
అమ్మ వేలితో రుద్దింది.
మురికి అనుకుందేమో.
పోకపోతే అక్కడే చెయ్యి ఉంచేసింది.

హాస్టల్ వంటింట్లో అమ్మమ్మకీ నానులికీ
మధ్య ఉన్న భాష రష్యన్ ఒక్కటే.
బడిలో ఇద్దరి నోట్లోనూ కుక్కిన భాష,
ముప్పై ఏళ్లుగా అటక మీద పారేసిన భాష.
దించి, దుమ్ము దులిపి, అందులోనే
కీళ్ల నొప్పులూ పోయిన మొగుళ్లూ మాట్లాడుకున్నారు.
పగిలిన కప్పే. అయినా టీ నిలిచింది.

చివరి రాత్రి అమ్మమ్మ మొండికేసింది:
"నేనిక్కడే పడుకుంటా. పై మంచం మీదే."
అమ్మ తల పట్టుకుంది.
"పడితే? కింద నేల ఉందిగా," అంది అమ్మమ్మ.
ఒక కొరియా కుర్రాడు నిచ్చెన పట్టుకున్నాడు,
గదంతా ఊపిరి బిగబట్టింది,
డెబ్భై ఎనిమిదేళ్లు ఒక్కో మెట్టూ ఎక్కాయి.

వాళ్ల హోటల్ గదికి మేం వెళ్లాం.
నాలుగు దిండ్లు. తెల్లటి దుప్పటి.
తిప్పగానే వేడి నీళ్లు, రెండుసార్లు స్నానం చేశాను.
నిద్ర మాత్రం రాలేదు.
తెల్లారుజామున దుప్పటి నేల మీదకి లాగి పడుకున్నాం,
పొద్దున్న సబ్బు బిళ్లలు రెండూ జేబులో వేసుకున్నాం.

హాస్టల్ తలుపు తీసేసరికి
అమ్మమ్మకి గదిలో అందరి పేర్లూ వచ్చు,
ఎవరికి పెళ్లి కాలేదో కూడా.
అమ్మ కింది మంచం మీద కూర్చుని
నా సంచి తెగిన పట్టీ కుడుతోంది.

వాళ్లు వెళ్లాక నీలం పుస్తకం తెరిచాను.
వణికే అక్షరాల్లో అమ్మమ్మ రాత:
పై మంచం, ఒక రాత్రి - నానులి తీసుకోలేదు - సున్నా.
గురకలు - నాలుగు - సున్నా.
దాని కింద ఏదో రాసి కొట్టేసింది.
వెలుతురుకి పట్టి చూశాను, అర్థం కాలేదు.

ఆ కుక్క మాత్రం
విమానాశ్రయం బస్సు దాకా వాళ్లతో వెళ్లొచ్చింది.